గోడలు లేని పక్షిశాల

హిందీలో జంతు ప్రదర్శనశాలను ‘చిడియాఘర్’ అంటారు. మాటకు మాటగా చూస్తే దాని అర్థం పిట్టల ఇల్లు. పులిని చూడబోయినా, ఏనుగును చూడబోయినా ఉత్తరాది పిల్లవాడు పిట్టల ఇంటికి పోతున్నాననే చెబుతాడు. తెలుగులో ఈ పలుకుబడికి సాటి రాగల మాట లేదు. ‘పక్షిశాల’ అన్న సమాసం నిఘంటువులో ఉన్నది గాని నాలుక మీద లేదు. నాలుక మీద ఉన్నది ‘పంజరం’. పంజరంలోని చిలుక ఎప్పుడూ ఒకరి సొత్తు. దానికి యజమాని ఉంటాడు, తలుపు ఉంటుంది, ఆ తలుపుకు గడియ ఉంటుంది.

ఊరందరికీ ఉమ్మడిగా ఉండే పిట్టల ఇల్లు, జీతగాళ్లు లేకుండా ఊరివారే పూనుకొని నడిపే పిట్టల ఇల్లు ఈ దేశంలో ఉన్నదా అన్నది ఈ ప్రసంగంలో విచారించదలచిన విషయం. ఉన్నది. అయితే దానికి చాలాచోట్ల గోడలు లేవు. అందువల్లనే అది పక్షిశాల అని చూసేవారికి వెంటనే తోచదు.

గుజరాత్ గ్రామాలలో ‘చబూతరో’ అనే కట్టడం కనిపిస్తుంది. ఊరి నడుమ ఎత్తయిన ఒక స్తంభం, దాని తలపై అనేక ముఖాలు గల చిన్న మంటపం, ఆ మంటపానికి పిట్టలు దూరగల గూళ్లు. కొన్ని చోట్ల చెక్కడపు పని కళ్లు చెదిరేటట్లు ఉంటుంది. కొన్ని చోట్ల వట్టి సున్నపు పూతే. ఏ రకమైనా పిల్లి ఎక్కలేనంత ఎత్తు మాత్రం తప్పదు. అందులో పావురాలకూ, పిచ్చుకలకూ, చిలుకలకూ రోజూ గింజలు పోస్తారు. ఖర్చు ఊరిది. ఆంధ్రదేశంలో ఇటువంటి కట్టడం లేదు గాని, కోతల కాలంలో వరి కంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం ఇంటి చూరుకూ, గుడి మంటపానికీ వేలాడదీసే ఆచారం డెల్టా పల్లెలలో ఉన్నది. రెండింటి వెనుకా ఉన్న భావం ఒక్కటే. పంట చేతికి వచ్చినప్పుడు అందులో పిట్టలకూ ఒక పాలు ఉన్నదని ఒప్పుకోవడం.

రాజస్థాన్‌లో ఫలోదీ పట్టణానికి సమీపంలో ఖీచన్ అనే గ్రామం ఉన్నది. అక్కడ ఈ పాలు చిన్నది కాదు. ఆ ఊరివారు ‘కుర్జా’ అని పిలిచే కొంగలు మంగోలియా, మధ్య ఆసియా మైదానాల నుంచి హిమాలయాలను దాటి వర్షాకాలం ముగిసే వేళకు అక్కడికి వచ్చి, మార్చి వరకూ ఉంటాయి. వాటి కోసం ఊరివారు ఒక విశాలమైన ఆవరణ ఏర్పరచి దానికి ‘చుగ్గా ఘర్’ అని పేరు పెట్టారు. చుగ్గా అంటే పిట్టలకు వేసే మేత. తెల్లవారే సరికి అందులో ధాన్యం పరచి ఉంటుంది. 1970లలో కొద్దిపాటి కుర్జాలతో మొదలైన ఈ పని వేల పక్షులకు మేత పెట్టేంతగా పెరిగింది. ఊరివారితో పాటు, ఆ ఊరినుంచి దూరపు నగరాలకు వెళ్లి స్థిరపడిన వర్తక కుటుంబాలు కూడా గింజల ఖర్చుకు చేయి కలుపుతాయి. 2025లో ఖీచన్ చిత్తడి నేలలకు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

ఢిల్లీలో చాందినీ చౌక్ మొదట్లో, ఎర్రకోటకు ఎదురుగా, జైనుల లాల్ మందిర్ ఉన్నది. ఆ ఆవరణలో స్వాతంత్ర్యానికి పూర్వమే ఆరంభమైన పక్షుల ధర్మాసుపత్రి ఉన్నది. గాలిపటాల దారానికి రెక్క తెగిన పావురాలు, పంకాకు తగిలిన పిచ్చుకలు అక్కడికి చేరుతాయి. తెచ్చినవారి మతమేమిటని అడగరు. పక్షి మతం మాత్రం కొంత అడుగుతారనే చెప్పాలి: గింజలు తినే పక్షులకు లోపల పడక, మాంసం తినే గద్దలకు వైద్యం చేసి పంపివేత. కోలుకున్న పక్షిని పంజరంలో పెట్టి యజమాని చేతికి ఇవ్వరు. డాబా మీద నుంచి ఆకాశంలోకి వదులుతారు.

గింజలు పోయడం, కట్టు కట్టడం నిస్సందేహంగా మంచి పనులు. అయినా వాటిలో ఒక సౌకర్యం ఉన్నది. గింజ పోసినవాడు పోసి ఇంటికి పోవచ్చు. పక్షి తన ఇంటి పెరటిలోకే వచ్చి, తన చెట్టుమీదే గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకి, నెలల తరబడి అక్కడే ఉంటే అప్పుడు సంగతి వేరు. చెట్టు ఫలసాయం పోతుంది. వాకిలి రెట్టలతో నిండిపోతుంది. పగలంతా కలకలం, రాత్రంతా చేపల కంపు. దీనిని ఒక రోజు సహించడం వేరు, తరతరాలుగా సహించడం వేరు. అలా సహించిన ఊళ్లు దక్షిణ భారతదేశంలో కొన్ని ఉన్నాయి. వాటిలో కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు కథ తెలుసుకోదగినది.

బెంగళూరు నుంచి మైసూరుకు పోయే దారిలో మద్దూరు తాలూకాలో, శింషా నదికి దగ్గరగా ఈ ఊరు ఉన్నది. అసలు పేరు బెళ్లూరే. కొక్కరె అంటే కన్నడంలో కొంగ. పక్షి పేరు ఊరి పేరుకు ముందు ఇంటిపేరులా వచ్చి చేరింది. ఇక్కడికి ముఖ్యంగా రెండు జాతుల పక్షులు వస్తాయి. ఒకటి ఎర్రకాళ్ల కొంగ. రెండవది గూడబాతు, కన్నడంలో హెజ్జార్లె. ముక్కు కింద సంచివంటి తోలు వేలాడుతూ, నిండా నాలుగైదు కిలోల బరువుండే ఈ పెద్ద నీటిపక్షి చెట్టు కొమ్మ మీద వాలడం చూసినవారికి ఆ కొమ్మ విరగకపోవడమే ఆశ్చర్యం. రెండు జాతులూ ఊరి మధ్యనున్న చింత, రావి, మర్రి చెట్ల మీద, ఇళ్ల కప్పులకు కొద్ది ఎత్తులోనే పుల్లలతో గూళ్లు కడతాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఇటువంటి ఊళ్లన్నిటిలోనూ ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు. పత్రికలూ అదే రాస్తాయి. దూరం నుంచి వచ్చిన అతిథి అంటే మర్యాద ఎక్కువ కాబోలు. కాని చుక్కల ముక్కుగల ఈ గూడబాతు దక్షిణాసియా సొంత బిడ్డ. భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాలో కొంత భాగం దాని నివాసం. నీళ్లూ చేపలూ ఉన్నచోటును వెతుక్కుంటూ ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తిరుగుతుంది. అది కోస్తా చెరువులో మేసి కన్నడ గ్రామంలో గూడు కట్టుకుంటే దానికి ఆశ్చర్యపడనక్కర లేదు. రాష్ట్రాల ఎల్లలు మనుషులు గీసుకున్నవే కదా.

కొక్కరె బెళ్లూరు వృద్ధులు చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. పూర్వం ఊరు శింషా ఒడ్డునే ఉండేదట. 1916 ప్రాంతాల్లో ప్లేగు సోకింది. జనం ఇళ్లు విడిచి ఇప్పుడున్న చోటికి తరలివచ్చారు. మరుసటి కాలానికి పక్షులు కూడా పాత చెట్లను విడిచి, కొత్త ఊరిని వెతుక్కుంటూ వచ్చాయట. ఇది ఎంతవరకు నిజమో పరీక్షించే మార్గం లేదు. కాని ఊరు తన చరిత్రలో ఒక మహా విపత్తును పక్షుల రాకతో కలిపి జ్ఞాపకం పెట్టుకున్నదంటే, ఆ బంధం ఎంతటిదో తెలుస్తుంది. ఈ పక్షులను అక్కడ ఆడపడుచులుగా భావిస్తారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను పొమ్మనేవారు ఉండరు. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మకం. తెలుగువారికి ఈ భావాన్ని అనువదించి చెప్పవలసిన పని లేదు.

ఆడపడుచు అన్న తరువాత పెట్టుపోతలు తప్పవు. ఇక్కడ పెట్టుపోత చింతకాయ. గూడబాతులు శీతాకాలపు ఆరంభంలో చేరుకొని, గుడ్లు పెట్టి, వేసవి దాకా పిల్లలను సాకుతాయి. చింతకాయ పండి కోతకు వచ్చేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. చింతకాయ దులపాలంటే మనిషి చెట్టెక్కాలి, కొమ్మలు ఊపాలి, గడకర్రతో కొట్టాలి. కొమ్మ ఊగితే గుడ్డు నిలవదు, పిల్ల నిలవదు. కాబట్టి పక్షులున్న చెట్టు కాపును ఆ రైతు వదులుకోవాలి. పది చెట్లున్న మోతుబరికి ఒక చెట్టు పోతే లెక్క లేదు. రెండు చెట్ల మీదనే ఏడాది ఉప్పు పప్పుల ఖర్చు పెట్టుకున్న ఇంటికి ఆ రెండు చెట్లనూ పక్షులు ఎంచుకుంటే? పక్షులు పట్టాదారు పుస్తకం చూసి వాలవు. ఊరంతా పుణ్యం పంచుకుంటుంది, నష్టం మాత్రం కొన్ని ఇళ్ల మీదనే పడుతుంది. ఉమ్మడి ఆస్తుల చరిత్ర అంతటా ఎదురయ్యే చిక్కు ఇదే.

ప్రతిఫలం బొత్తిగా లేదని కాదు. చెట్ల కింద రాలిన రెట్టను మట్టితో కలిపి రైతులు పొలాలకు ఎరువుగా తోలుకుంటారు. అది మంచి సత్తువ గల ఎరువు. తమిళనాడులోని వేడంతాంగళ్‌లో కూడా రైతులు ఈ కిటుకు ఏనాడో గ్రహించారు. అక్కడ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు పారుతుంది. తెల్లదొరల సిపాయిలు తుపాకులతో వచ్చి ఆ పక్షులను కాల్చడం మొదలుపెట్టగా, ఊరివారు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ వద్ద మొర పెట్టుకొని, 18వ శతాబ్దం చివరనే ఆ పక్షులకు రక్షణ కల్పించే కౌలు పత్రం సంపాదించుకున్నారు. పక్షి సంరక్షణ పాశ్చాత్య విద్య వల్ల ఈ దేశానికి వచ్చిందనుకునేవారు ఈ ఒక్క ఉదంతాన్ని గుర్తుంచుకుంటే చాలు. అక్కడ తుపాకి పట్టినవాడు ఎవడో, అర్జీ పట్టినవాడు ఎవడో చరిత్రలో నమోదై ఉన్నది.

కొక్కరె బెళ్లూరు సంగతి చాలాకాలం బయటి ప్రపంచానికి తెలియలేదు. 19వ శతాబ్దిలో భారతదేశపు పక్షుల మీద గొప్ప గ్రంథం రచించిన డాక్టర్ జెర్డన్ కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశారు. ఒక ఊరి నడుమ, జనసంచారాన్ని లెక్క చేయకుండా గూడబాతులు గూళ్లు కట్టుకొని ఉండటాన్ని తాను చూసినట్లు ఆయన రాశారు గాని, ఊరి పేరు రాయలేదు. అది ఏ ఊరైనా కావచ్చు. అప్పట్లో అటువంటి ఊళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉండి ఉండాలి. 1976లో కర్ణాటక అటవీ అధికారి ఎస్.జి. నెగిన్‌హాళ్ కొక్కరె బెళ్లూరులోని పక్షి సమూహాన్ని గమనించి లోకానికి వెల్లడించారు. గూళ్లున్న చెట్ల యజమానులకు చెట్టు లెక్కన అటవీ శాఖ పరిహారం చెల్లించే పద్ధతి కూడా ఏర్పడింది. పరిహారం ఎంత ఉండాలి, అది చింతపండు ధరతో పాటు పెరగవద్దా అన్న వివాదం మాత్రం ఆ పద్ధతికి తోబుట్టువు లాంటిది.

1990లు వచ్చేసరికి ఊరు మారింది. ఇళ్లు పెరిగాయి. ముసలి చింతలు కలపకూ, వంటచెరకుకూ కొట్టుడు పడ్డాయి. చదువుకున్న కుర్రవాళ్లకు తాతల నమ్మకాలు పాతబడ్డాయి. ఆచారం ఒక్కటే పక్షులను కాపాడుతుందన్న భరోసా సడలింది. ఆ దశలో, 1994లో, మైసూరు అమెచ్యూర్ నాచురలిస్ట్స్ అనే ప్రకృతి ప్రేమికుల సంఘం ఆ ఊళ్లో పని ఆరంభించింది. వారు చేసిన తెలివైన పని ఏమంటే, బయటివారుగా నీతులు చెప్పకుండా ఊరి యువకులనే కూడగట్టడం. అలా ఏర్పడిన బృందం పేరు ‘హెజ్జార్లె బళగ’. కన్నడ బళగ తెలుగు బలగమే. గూడబాతుల బంధుబలగం అన్నమాట. ఆడపడుచు అన్న పాత భావానికి ఇంతకంటే సహజమైన కొనసాగింపు ఉండబోదు.

ఈ బలగం చేపట్టిన పనుల్లో ఒకటి ఈ ప్రసంగానికి మూలం. గూడబాతు రెండు మూడు గుడ్లు పెడుతుంది, ఒక్కొక్కప్పుడు నాలుగు. నెల రోజులకు పిల్లలు పుడతాయి. ఒంటిమీద ఈకైనా లేని ఆ పిల్లలు గూటిని అంటిపెట్టుకొని మూడు నుంచి ఐదు నెలలు పెరగాలి. గూడు చూడబోతే పుల్లలు పేర్చిన పళ్లెం వంటిది. పిల్లలు పెరిగేకొద్దీ ఇరుకు. తోసుకుంటాయి, పొడుచుకుంటాయి. గట్టి గాలి వీస్తుంది. ఒక పిల్ల జారి కింద పడుతుంది. కింద పడిన పిల్లను తల్లి పట్టించుకోదు. ఇది నిర్దయ కాదు. నేలమీద ఉన్న పిల్లకు మేత పెట్టడం దాని స్వభావంలోనే లేదు. పైన కొమ్మ మీద తల్లి ఉండగానే, కింద వీధిలో పిల్ల ఆకలితో చస్తుంది. లేదా అంతకు ముందే వీధికుక్క పని ముగిస్తుంది.

అట్లా పడిన పిల్లలను ఏరి తెచ్చి పెంచడానికి ఊళ్లోనే ఒక కంచె ఆవరణ కట్టారు. కొక్కరె బెళ్లూరు పక్షిశాల అంటే ఈ కొద్దిపాటి జాగాయే. అందులో చూడవలసిన వింతలేమీ లేవు. తల్లి సంచి ముక్కులోనుంచి తినవలసిన మేతను మనిషి చేతినుంచి తినే అనాథ పిల్లలు ఉంటాయి. వాటికి కావలసింది చేప, అదీ రోజూ, అదీ తాజాగా. వేసవి ముదిరి చెరువులు ఎండే కాలంలోనే పిల్లల ఆకలి కూడా ముదురుతుంది. ఎండలో నీడ వేయాలి, నీళ్లు మార్చాలి, కుక్కలను కాయాలి. దెబ్బ తగిలిన రెక్కను చూడాలి. ఈ పనులలో వీరగాథకు పనికివచ్చేది ఏదీ లేదు. ప్రతి ఉదయం మళ్లీ చేయవలసి రావడం ఒక్కటే అందులోని కష్టం.

లోకంలో పక్షిశాల నడిపేవాడు తన పక్షిశాల నిండుగా ఉండాలని కోరుకుంటాడు. ఈ పక్షిశాల నడిపేవారు అది ఖాళీ కావాలని కోరుకుంటారు. పిల్ల రెక్కలు బలిసి, తన ఈడు పక్షులతో కలిసి ఎగరగలిగితే దాన్ని గుంపులోకి వదలడమే లక్ష్యం. మనిషికి మరీ మాలిమి అయిన పక్షి అడవి పక్షిగా బతకలేదు. మాలిమి చేయకుండా చేతితో మేత పెట్టలేరు. ఆ సన్నని గీత మీద నడవడం ఆ ఊరి కుర్రవాళ్లు పుస్తకాలు చదివి నేర్చుకున్న విద్య కాదు. ఎన్నో పిల్లలను పోగొట్టుకొని, కొన్నింటిని బతికించుకొని నేర్చుకున్నది.

చట్టం ఇటువంటి ప్రయత్నాలను ఆలస్యంగానైనా గుర్తించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యాలకూ, జాతీయ ఉద్యానవనాలకూ చోటు ఉన్నది గాని, జనం ఇళ్లు కట్టుకొని బతికే ఊరికే రక్షణ హోదా ఇచ్చే ఏర్పాటు లేదు. అభయారణ్యమంటే అక్కడ మనిషి హక్కులు కుదించుకుపోతాయి. ఊరే పక్షుల నివాసమైనచోట మనిషిని బయటికి పంపి పక్షిని లోపల ఉంచడం అర్థం లేని పని. మనిషి పోతే ఆ చెట్లూ ఉండవు, ఆ పక్షులూ ఉండవు. 2002లో చేసిన సవరణ ద్వారా ‘కమ్యూనిటీ రిజర్వు’ అనే కొత్త తరగతి చట్టంలోకి వచ్చింది. ప్రైవేటు భూమిలో, సామూహిక భూమిలో అక్కడివారే స్వచ్ఛందంగా చేసే సంరక్షణకు అది గుర్తింపు. 2007లో కొక్కరె బెళ్లూరును ఆ తరగతిలో చేర్చారు. అదే సంవత్సరం పంజాబ్‌లోని కేశోపూర్ చిత్తడి నేలలకూ, కేరళలోని కడలుండి తీరానికీ ఆ హోదా లభించింది. పంజాబీ, మలయాళ, కన్నడ గ్రామాలు ఒకే ఏట ఒకే పట్టికలోకి ఎక్కడం కాకతాళీయమే కావచ్చు. కాని పక్షుల విషయంలో ఈ దేశపు రైతు ఏ భాషలోనైనా దాదాపు ఒకే విధంగా ఆలోచించాడనడానికి అది సాక్ష్యంగా నిలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ ఆలోచన కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపాన తేలినీలాపురంలో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వస్తేనే ఊరికి కలిసివస్తుందని అక్కడివారి నమ్మకం. గుంటూరుకు దగ్గరలోని ఉప్పలపాడులో ఊరి చెరువులలోని చెట్లు వాటి విడిది. చెట్లు తరిగిపోయినప్పుడు గూళ్లకు ఆధారంగా ఇనుప నిర్మాణాలు నిలిపారు. పక్షి ఇనుముపై గూడు కట్టుకోవలసి రావడం సంతోషించవలసిన విషయమో, విచారించవలసిన విషయమో తేల్చుకోవడం కష్టం. కర్ణాటక సరిహద్దున, పూర్వపు అనంతపురం జిల్లాలోని వీరాపురం కథ దాదాపు కొక్కరె బెళ్లూరు కథే. అక్కడ కూడా చింతచెట్లే, ఇళ్ల మధ్యనే, ఎర్రకాళ్ల కొంగలు. రెండు ఊళ్ల భాషలు వేరు, పక్షులకు ఇచ్చే స్థానం ఒకటే. చెరువు ఎండిన ఏడు అక్కడికి పక్షులు రావడం తగ్గుతుంది. నమ్మకం ఎంత గట్టిదైనా చెరువును నింపలేదు.

నమ్మకం ఉన్నా పక్షులు శాశ్వతంగా వదిలిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. కేరళలో ‘ఇందుచూడన్’ అనే కలం పేరుతో పక్షుల మీద గ్రంథం రచించి సుప్రసిద్ధుడైన అధ్యాపకుడు కె.కె. నీలకంఠన్, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూళ్లు కట్టుకున్న గూడబాతుల మీద చేసిన పరిశీలనలను 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. ఒక మలయాళీ ఉపాధ్యాయుడు గోదావరి పల్లెలో చెట్ల కింద నిలబడి గూళ్లు లెక్కపెట్టిన దృశ్యం ఊహించదగినది. తరువాతి దశాబ్దాలలో ఆ పక్షులు ఆ ఊరిని విడిచిపెట్టాయి. ఇంకా పెద్ద ఉదాహరణ బర్మాలోది. 1877లో యూజీన్ ఓట్స్ అనే పరిశీలకుడు సిట్టాంగ్ నదీ మైదానంలో లెక్కకు అందని గూడబాతులు అడవి నిండా గూళ్లు కట్టడం చూశారు. 1930ల చివరికి అక్కడ ఒక్క గూడు లేదు. లక్షల పక్షులు అరవై ఏళ్లలో కనుమరుగయ్యాయి. ఈ రెండు చోట్లనూ దృష్టిలో ఉంచుకొని చూస్తే కొక్కరె బెళ్లూరు వంటి చిన్న ఊరి భారం ఎంతటిదో అర్థమవుతుంది. దక్షిణాసియా, ఆగ్నేయాసియాలలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి జాతి ఇది. దాని గూళ్లలో గణనీయమైన భాగం దక్షిణ భారతంలోని వేళ్ల మీద లెక్కించదగిన ఊళ్లలో ఉన్నది.

2017 చివరలో ఆ ఊరికి ఒక కొత్త ఆపద వచ్చింది. పెద్ద గూడబాతులు, పిల్లలు కావు, ఒకటొకటిగా చెట్ల మీద నుంచి కూలి చనిపోసాగాయి. 2018 మొదటి నెలల వరకూ ఈ చావులు సాగాయి. చనిపోయిన పక్షులను కోసి పరీక్షించిన పశువైద్యులకు వాటి కడుపులో పురుగులు కనిపించాయి. చేపల ద్వారా పక్షికి సంక్రమించే జాతి పురుగులవి. అంటే రోగం మూలం చెట్టు మీద లేదు, ఊళ్లో లేదు; ఎక్కడో ఆ పక్షులు మేసిన నీళ్లలో ఉన్నది. ఊరి చెట్లను ఊరు కాపాడుకోగలదు. పక్షి మేసే చెరువులు ఎన్నో ఊళ్లవి, ఎన్నో తాలూకాలవి. వాటిలోకి ఏ మురుగు చేరుతున్నదో, ఏ చేప పెరుగుతున్నదో కొక్కరె బెళ్లూరు పంచాయతీ నిర్ణయించలేదు. మేత ఒకచోట, గూడు మరొకచోట అయిన పక్షికి ఒక్క ఊరు ఇవ్వగల అభయం సగమే. తక్కిన సగం ఆ పక్షి పేరు కూడా తెలియని ఊళ్ల చేతిలో ఉన్నది. ఆ ఊళ్లలో తెలుగు ఊళ్లు లేవని ఎవరూ చెప్పలేరు.

ఆ శీతాకాలం గడిచాక కూడా పక్షులు తిరిగి వచ్చాయి. బలగం పని కూడా తిరిగి మొదలైంది. అందులో అన్నిటికంటే నిదానంగా సాగేది మొక్కలు నాటే పని. పాత చింతలు ఒకటొకటిగా పడిపోతున్నాయి కనుక వాటి స్థానంలో కొత్తవి పెరగాలి. చింత మొక్క కాపుకు రావడానికే సంవత్సరాలు పడుతుంది. ఐదు కిలోల పక్షి వాలినా వంగని కొమ్మ దానికి రావాలంటే నాటినవాడి కొడుకు పెద్దవాడు కావాలి. నాటేటప్పుడు దాని యజమానికి ఒక సంగతి తెలుసు: చెట్టు బాగా ఎదిగి, కాయ విరగకాసే నాటికి పక్షులు దాన్నే ఎంచుకోవచ్చు. అప్పుడు ఆ కాయ అతని కొడుక్కు దక్కదు. అయినా నీళ్లు పోసి, మేకలు మేయకుండా చుట్టూ ముళ్లకంప పాతుతున్నారు.